రథం ఆ ఒక్క వీధిలోకి ఎందుకు తిరగదు?

చెరువుకట్ట

అందరికీ నమస్కారం. ఈ చర్చావేదికలో చదవడమే తప్ప నేను రాసింది తక్కువ. ఈసారి రాయకుండా ఉండలేకపోతున్నాను.

మాది గుంటూరు వైపు పల్లెటూరు. ఏటా శ్రీరామనవమికి కల్యాణం, మర్నాడు రథోత్సవం. ఉత్సవ కమిటీలో లెక్కల పుస్తకం నా దగ్గరుంటుంది. ఈ ఏడాది ముందుగానే చందాలకు బయల్దేరి దళితవాడకీ వెళ్ళాం. 41 ఇళ్ళు. ఇంటికి 200 రూపాయలు, ఎవరూ కాదనలేదు. రసీదులు రాస్తుంటే డిగ్రీ చదివే ఓ అమ్మాయి అడిగింది. “అన్నా, మా దగ్గర చందా తీసుకుంటారు. రథం ముందు డప్పు కొట్టేది మా నాన్న. మరి రథం మా వీధి మలుపు దాకా వచ్చి వెనక్కెందుకు తిరుగుతుంది?”

నాకు 42 ఏళ్ళు. బుద్ధి తెలిసినప్పట్నుంచీ ఆ రథం చూస్తున్నాను. వేపచెట్టు దగ్గర ఆగుతుంది, కొబ్బరికాయ కొడతారు, చక్రాల కింద చెక్క మొద్దులు వేసి తిప్పుతారు. అక్కడే ఎందుకు తిప్పుతారని ఒక్కసారి కూడా నాకు అనిపించలేదు. ఆ అమ్మాయి అడిగిన దానికంటే, నాకు ఇన్నేళ్ళూ ఆ ప్రశ్న రాకపోవడమే ఎక్కువ బాధగా ఉంది.

కమిటీలో ఎత్తితే మూడు జవాబులు వచ్చాయి. వీధి ఇరుకు, రథం పట్టదు. కరెంటు తీగలు కిందికి ఉన్నాయి. మూడోది, “మొదట్నుంచీ ఇంతేగా, ఇప్పుడెందుకు లేనిపోని గొడవ?” ఆ మూడో మాట అన్నది మా పెదనాన్నే.

మీ ఊళ్ళలో ఎలా ఉంది? ఎవరైనా మార్చారా? మార్చి ఉంటే ఎలా మొదలుపెట్టారో చెప్పండి.

---

బెజవాడ హేతువాది

మీ నిజాయితీకి సంతోషం అండీ. కానీ నా మాట కటువుగానే ఉంటుంది. రథం ఆ వీధికీ వెళ్ళాలా వద్దా అనేది కాదు, అసలు రథం ఎందుకు అని అడగాలి.

2015 జూలై 14న గోదావరి పుష్కరాల మొదటి రోజే రాజమండ్రి పుష్కర ఘాట్‌లో 27 మంది తొక్కిసలాటలో పోయారు. 2025 జనవరిలో తిరుపతిలో వైకుంఠ ద్వార దర్శనం టోకెన్ల కోసం నిలబడి ఆరుగురు పోయారు. అదే నెలలో ప్రయాగ కుంభమేళాలో అధికారులు చెప్పిన లెక్కే 30 మంది. వీళ్ళంతా పేదలూ మధ్యతరగతి వాళ్ళే. రాజ్యాంగంలో 51ఎ(హెచ్) అధికరణం శాస్త్రీయ దృక్పథాన్ని, విచారణ, సంస్కరణ స్ఫూర్తిని పెంపొందించడం ప్రతి పౌరుడి విధి అంటుంది. నాస్తికోద్యమ నాయకుడు గోరా గారు మన ప్రాంతంలోనే సహపంక్తి భోజనాలు పెట్టి కులం గోడ మీద దెబ్బ కొట్టారు. దానికి ఏ దేవుడి ఊరేగింపూ అవసరం పడలేదు. ఆ చందా డబ్బుతో ఒక గ్రంథాలయం పెట్టి అందరూ కలిసి కూర్చోండి.

---

గోదారిగట్టు

హేతువాది గారూ, పుష్కరాల మాట నిజం. మాది రాజమండ్రే. ఆ ఏడాది తర్వాత మా అమ్మ ఆ రేవు మెట్లు దిగలేదు. 2027లో మళ్ళీ పుష్కరాలు వస్తున్నాయి, తలుచుకుంటేనే గుండె దడ. జనం ప్రాణాలకు లెక్క చెప్పని ఉత్సవాన్ని నేనూ సమర్థించను.

అయితే ఇదే రాజమండ్రిలో 1881 డిసెంబరు 11న కందుకూరి వీరేశలింగం గారు మొదటి వితంతు వివాహం చేయించారు. పెళ్ళి అనే తంతుని ఆయన తీసెయ్యలేదు. మంత్రాలతో, అగ్నిసాక్షిగా, నలుగురి ముందూ చేయించారు. నువ్వు పెళ్ళికి తగవు అని ఏ తంతు పేరు చెప్పి ఆ పిల్లను గెంటేశారో, అదే తంతులో తెచ్చి కూర్చోబెట్టారు. ఊరు వెలివేసింది కూడా అందుకే. చాటుగా చేసి ఉంటే ఎవరికీ పట్టేది కాదు.

చెరువుకట్ట గారూ, ఇక మీ ‘వీధి పట్టదు’ సంగతి. సంక్రాంతికి కోనసీమలో జగ్గన్నతోట ప్రభల తీర్థం చూశారా? ఏకాదశ రుద్రుల ప్రభల్ని, అంటే వెదురుతో ఎత్తుగా కట్టి అలంకరించిన వాటిని, చుట్టుపక్కల ఊళ్ళ నుంచి భుజాల మీద మోసుకొస్తారు. పచ్చటి వరిచేలల్లోంచి తొక్కుకుంటూ వస్తారు. అడ్డంగా కౌశిక కాలవ ఉంటే అందులోనే దిగి, పీకల్లోతు నీళ్ళలో ప్రభ ఒరగకుండా అవతలి గట్టుకి ఎక్కిస్తారు. చేను పాడయిందని ఏ రైతూ అనడు, స్వామి నడిచాడని సంబరపడతాడు. చేలల్లోంచి, కాలవలోంచి దారి దొరికిన దేవుడికి మనుషులుండే పేటలోంచి దొరకదంటే ఎలా నమ్మేది?

---

నీలిజెండా

నేను అలాంటి పేటలోనే పుట్టాను. గోదారిగట్టు గారి మాటలు బాగున్నాయి. నాకు వేరే రథం గుర్తొస్తోంది.

1930 మార్చి 2న బాబాసాహెబ్ అంబేడ్కర్ నాసిక్‌లో కాలారాం మందిర ప్రవేశ సత్యాగ్రహం మొదలుపెట్టారు. శ్రీరామనవమికి రథం తీసే రోజు వచ్చింది. రెండు వైపుల వాళ్ళూ కలిసి మోకు పట్టి లాగుదామని ఒప్పందం. తీరా ఆ వేళకి మనవాళ్ళ చెయ్యి మోకు మీద పడకముందే సవర్ణులు రథాన్ని లాక్కుని పారిపోయారు. రాళ్ళు రువ్వారు. మీది కూడా శ్రీరామనవమి రథమే కాబట్టి ఈ సంగతి తెలుసుకోవాలి. ఐదేళ్ళ తర్వాత 1935లో యేవలాలో ‘హిందువుగా పుట్టాను గానీ హిందువుగా చావను’ అన్నారాయన. 1956లో బౌద్ధం తీసుకుని అన్నంత పనీ చేశారు.

మా నాయన డప్పు కొట్టేవాడు. జాతర రోజు పొద్దుట్నించి రాత్రి దాకా ఊరంతా తిరిగి, చివర్లో గుడి బయట నిలబడితే పైనుంచి దోసిట్లో ప్రసాదం వేసేవాళ్ళు, చెయ్యి తగలకుండా. నేను చిన్నప్పుడు దాన్ని ఎగిరి పట్టుకునేవాడిని. ఆటలా ఉండేది. అది ఆట కాదని తెలిసింతర్వాత నేను ఆ గుడి వైపు పోలేదు.

రథం మా వీధికి వచ్చి పావుగంటలో వెళ్ళిపోతుంది. మర్నాడు టీ కొట్టు దగ్గర మాకు వేరుగా పెట్టే గ్లాసు అదే, శ్మశానానికి దారి లేకపోవడం అదే. మీ ఊళ్ళో ఆ పేటకి శ్మశానం ఉందా? శవాన్ని ఎటు నుంచి తీసుకెళ్తారు? ముందు అది కనుక్కోండి అన్నా.

---

రామానుజదాసు

నేను అర్చకత్వం చేసుకునేవాణ్ణి. పై మాటలు చదివి కాసేపు ఏమీ రాయలేకపోయాను. పైనుంచి ప్రసాదం వేసిన చేతుల్లో మా పెద్దల చేతులూ ఉన్నాయి. దానికి నేను సమర్థన వెతకను.

ఒక సంగతి మాత్రం చెప్పాలి. గర్భగుడిలో మూలవిరాట్టు కదలడు. మరి ఉత్సవమూర్తి ఎందుకు? ముసలివాళ్ళు, జబ్బు మనుషులు, ఏ కారణం చేతైనా గుడికి రాలేనివాళ్ళు ఉంటారు గనక స్వామే వాళ్ళ దగ్గరికి బయల్దేరడం, అదీ తిరువీధి ఉత్సవం. ఎవరినైతే గుడికి రానివ్వలేదో వాళ్ళుండే వీధికే ఉత్సవమూర్తి వెళ్ళకపోతే ఆ ఉత్సవానికి అర్థం లేదు.

తిరుప్పాణాళ్వారు అంటరానిదిగా చూసిన పాణర్ కులస్థుడు. కావేరి ఒడ్డున నిలబడి రంగనాథుణ్ణి పాడుకునేవాడు. లోకసారంగముని ఆయన్ని భుజాల మీద ఎక్కించుకుని గుడిలోకి తీసుకెళ్ళాడని మా సంప్రదాయం చెబుతుంది. 2018 ఏప్రిల్‌లో హైదరాబాదు జియాగూడ రంగనాథస్వామి గుడిలో చిలుకూరు అర్చకులు రంగరాజన్ గారు ఒక దళిత భక్తుణ్ణి భుజాల మీద మోసుకుని లోపలికి తీసుకెళ్ళారు. మునివాహన సేవ అన్నారు. అది చూశాక మా ఇంట్లో పెద్ద వాదన జరిగింది. మా నాన్నగారు ఆ పూట భోంచెయ్యలేదు.

చెరువుకట్ట గారికి ఒక జాగ్రత్త. రథం పేటలోకి వెళ్ళొచ్చాక కొన్నిచోట్ల గప్‌చుప్‌గా సంప్రోక్షణ చేస్తారు, అంటే మైల పడిందని నీళ్ళు చల్లి శుద్ధి చేస్తారు. బయటికి ‘ఏటా చేసేదే’ అంటారు. ఆ ఒక్క నీళ్ళ చెంబుతో చేసిందంతా పోతుంది. మీ ఊరి అర్చకుణ్ణి ముందే కూర్చోబెట్టి మాట్లాడండి. కమిటీ చెప్పింది కాబట్టి వెళ్తున్నా అనుకుంటూ వెళ్ళకూడదు. ఆ వీధిలో ప్రతి గడప ముందూ హారతి పళ్ళెం ఆయన చేతి నుంచి వాళ్ళ చేతికి వెళ్ళాలి. శఠగోపం తల మీద పెట్టాలి.

---

పెద్దమామిడి

అందరూ ఒకవైపే రాస్తున్నారు గనక రెండో వైపు నేను రాస్తాను. నాకు ఎవరి మీదా ద్వేషం లేదు. మా ఊళ్ళో పదేళ్ళ కిందట ఊరేగింపు దారి మార్చబోయి రెండు వర్గాలు కొట్టుకున్నాయి. కేసులు పడ్డాయి. మూడేళ్ళు అసలు జాతరే జరగలేదు. పోలీసు పికెట్ మధ్య దేవుణ్ణి తిప్పితే ఎవరికి సంతోషం? పిల్లల్ని చదివించుకుంటే, ఉద్యోగాలు వస్తే, ఇవన్నీ వాటంతటవే పోతాయి. తొందరపడి ఊరిని చీల్చకండి. మీ పెదనాన్న గారి భయం కూడా బహుశా అదే.

---

విశ్రాంత ఈవో

నేను దేవాదాయ శాఖలో పాతికేళ్ళు కార్యనిర్వహణాధికారిగా చేశాను. పెద్దమామిడి గారు చెప్పిన భయం వట్టిది కాదు, అలాంటి ఫైళ్ళు నా చేతుల మీదుగా వెళ్ళాయి. కానీ ‘వాటంతటవే పోతాయి’ అన్నదాన్ని నేను ఒప్పుకోలేను. నా అనుభవంలో ఒక్కటి కూడా దానంతటది పోలేదు.

చట్టం సంగతి కమిటీకి తెలియాలి. 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసింది. 25వ అధికరణం మతస్వేచ్ఛ ఇస్తూనే, హిందూ ప్రజా దేవాలయాలను అన్ని వర్గాలకూ తెరిచే చట్టాలకు అది అడ్డురాదని చెప్పింది. 1955 నాటి అస్పృశ్యత నేరాల చట్టమే తర్వాత పౌరహక్కుల పరిరక్షణ చట్టం అయింది. మతపరమైన ఊరేగింపులో పాల్గొననివ్వకపోవడం దాని కింద నేరమే. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో చేసిన సవరణ 2016 జనవరి 26 నుంచి అమల్లో ఉంది. ఊరేగింపులో పాల్గొనకుండా, ఊరేగింపు తీయకుండా అడ్డుకోవడాన్ని అందులో జాతరలతో సహా పేరుపెట్టి మరీ రాశారు.

చట్టం చూపించి బెదిరించమని కాదు నేననేది. ‘దయతలచి మీ వీధికి తెస్తున్నాం’ అనే ధోరణి కమిటీలో ఎవరికైనా ఉంటే దాన్ని దించడానికి పనికొస్తుంది. అది వాళ్ళ హక్కు.

ఇంకో ముక్క. పొట్టి శ్రీరాములు గారంటే అందరికీ 1952 నాటి 58 రోజుల దీక్షే గుర్తు. అంతకు ఆరేళ్ళ ముందు, 1946లో, నెల్లూరు మూలాపేట వేణుగోపాలస్వామి గుడిలోకి దళితులను రానివ్వాలని కూడా ఆయన నిరాహారదీక్ష చేశారు. రాష్ట్రం కోసం చేసిన దీక్షకి విగ్రహాలు పెట్టుకున్నాం. గుడి కోసం చేసిన దీక్షని పాఠంలో కూడా చెప్పుకోవడం లేదు.

---

తంగేడుపువ్వు

మాది వరంగల్ దిక్కు, ఇప్పుడు సికింద్రాబాదుల ఉంటున్నం. మీరంత కులం గురించి రాస్తున్నరు, నేను మా అమ్మ గురించి రాస్త. రెండు వేరు అనిపించట్లేదు నాకు.

మా నాయిన పోయినంక అమ్మ బోనం ఎత్తలేదు. ఎవ్వరు వద్దనలేదు, ఎవ్వరు రమ్మననూ లేదు. బోనాలనాడు వాకిట్ల ముగ్గేసి, అందరి కుండలకు పసుపు రాసి, వేపమండలు కట్టి ఇచ్చి తను మాత్రం తలుపు వెనుకకు పోయేది. ఏడేండ్లు. మొన్న ఆషాఢంల నేనే ఒక కొత్త కుండ కొన్న. అన్నంల బెల్లం, పాలు కలిపి నింపి, పైన దీపం పెట్టి అమ్మ ముంగట పెట్టిన. “నలుగురు ఏమంటరు బిడ్డా” అన్నది. పక్కింటి ముసలమ్మ, ఎనభై ఏండ్లుంటయి, వచ్చి ఏం మాట్లాడకుండ అమ్మ నొసటికి బొట్టు వెట్టింది. అమ్మ చేతులు వణుకుతుంటే కుండను ఒకదిక్కు నేను, ఒకదిక్కు ఆ ముసలమ్మ పట్టుకొని తలమీదికి ఎత్తినం. గుడి దాంక అమ్మ కండ్లు తుడుచుకోలేదు, చేతులు కుండ మీద ఉండె.

ఉజ్జయిని మహంకాళి గుడిల రంగం నాడు ఒక ఆడామె పచ్చికుండ మీద నిలబడి భవిష్యవాణి చెప్తది. మంత్రులు గూడ చేతులు కట్టుకొని వింటరు. మేడారంల కోయ వడ్డెలే పూజారులు, విగ్రహం లేదు, బెల్లమే బంగారం. అసొంటి పండుగలు ఉన్న నేల మనది. అట్లనే మా ఊర్ల బతుకమ్మ నాడు ఎస్సీ ఆడోళ్ళు వేరే కాడ ఆడుకుంటరు, ఆ ముచ్చట గూడ దాచ. పువ్వులు ఒక్క గుట్ట మీదియే, ఒక్క చెరువులనే వేస్తం. ఆడేది మాత్రం రెండు తావుల.

అన్నా, రథం ఆ వీధికి పోయిననాడు ఆ వీధిల మొగుడు పోయినోళ్ళను గూడ హారతి ఇయ్యమని పిలువుండ్రి.

---

సిటీగల్లీ

వినాయక మండపాలు కూడా ఇందులోకే వస్తాయి. 1893లో తిలక్ పుణెలో గణపతిని ఇంట్లోంచి వీధిలోకి తెచ్చింది జనాన్ని కలపడానికే. ఖైరతాబాద్‌లో 1954లో ఒక్క అడుగు విగ్రహంతో మొదలైంది. ఇప్పుడు మా గల్లీలో అందరూ ఎత్తు గురించీ డీజే గురించే మాట్లాడతారు. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా లౌడ్‌స్పీకర్లు వద్దని 2000 నాటి నిబంధనలే చెబుతున్నాయి. 2005లో సుప్రీంకోర్టూ అదే చెప్పింది. పండుగల పేరుతో రాష్ట్రం సడలింపు ఇచ్చినా ఏడాదిలో 15 రోజులు, అదీ అర్ధరాత్రి వరకే. మసీదు, గుడి, చర్చి ఎవరికైనా ఒకటే. గుండె ఆపరేషన్ అయిన మా నాన్నని మూడు రోజులు చుట్టాలింటికి పంపుతున్నాం. అన్ని వీధులూ తిరిగే ఊరేగింపు అందరి వీధుల్లో నిద్ర కూడా చూసుకోవాలి.

---

స్తంభంనంబరు

విద్యుత్ శాఖలో చేస్తాను. తీగల సంగతి వట్టి సాకు అనుకుని తేలిగ్గా తీసుకోకండి, దయచేసి. 2022 ఏప్రిల్‌లో తంజావూరు దగ్గర రథం హైటెన్షన్ తీగకి తగిలి 11 మంది చనిపోయారు. 2025 ఆగస్టులో మన రామంతాపూర్‌లో కృష్ణాష్టమి రథానికి కరెంటు తగిలి ఐదుగురు పోయారు. ముందే దరఖాస్తు పెట్టి, లైన్ క్లియర్ తీసుకుని, సరఫరా ఆపాకే రథం కదలాలి. లైన్‌మన్ రథంతో పాటే నడవాలి. మీ మెయిన్ వీధిలో ఇప్పటికే ఇలా చేస్తూ ఉంటారు. ఇంకో వీధికి అదనపు ఖర్చేమీ పెద్దగా ఉండదు. రథం ఎత్తు కలశంతో సహా కొలిచి చెప్పండి.

---

చెరువుకట్ట

అందరికీ పేరుపేరునా దణ్ణాలు. పది రోజులు ఆగి రాస్తున్నాను, ఎందుకంటే కొలవడానికి వెళ్ళాం.

నేను, ఆ అమ్మాయి, రథం చేసిన వడ్రంగి గారి అబ్బాయి టేపు పట్టుకుని వెళ్ళాం. రథం ఇరుసు చివర్లతో కలిపి 10 అడుగుల 2 అంగుళాలు. వీధి ఎక్కడ చూసినా 13 అడుగులకి తగ్గలేదు. మా బజారు వీధిలో ఒకచోట 12 అడుగులే, అక్కడ ఏటా రథం పోతూనే ఉంది. కలశంతో ఎత్తు 21 అడుగులు. దాటాల్సినవి రెండు సర్వీసు వైర్లు. “ఏటా బజారులో పదకొండు విప్పుతున్నానయ్యా, ఇంకో రెండు అరగంట పని” అన్నాడు లైన్‌మన్. ఇన్నేళ్ళలో ఎవరూ ఆయన్ని అడగలేదట.

నిజంగా ఇబ్బంది ఉన్నది మలుపు దగ్గరే. మురుగు కాలవ మీద వేసిన బండ పగిలిపోయి ఉంది, రథం బరువుకి ఆగదు. నీలిజెండా తమ్ముడు అడిగిన ప్రశ్నకి జవాబు కూడా అక్కడే దొరికింది. 108 వచ్చినా ఆ బండ దగ్గరే ఆగిపోతోంది. కిందటేడు ఒక గర్భిణీని మంచం మీద మలుపు దాకా మోసుకొచ్చారట. శవం వెళ్ళేదీ అటు నుంచే, నలుగురూ కాలవలో దిగి దాటిస్తారు. శ్మశానం ఉంది, దారే లేదు. పంచాయతీకి కల్వర్టు కోసం అర్జీ పెట్టాం. దాని మీద కమిటీ వాళ్ళూ పేట వాళ్ళూ కలిపి 63 మంది సంతకాలు చేశారు. పండక్కి పూర్తవుతుందో లేదో. కాకపోతే ఆ ఏడాదికి రథం ఆపుతాం గానీ వేపచెట్టు దగ్గర తిప్పం, అది నా తరఫున కమిటీకి రాసిచ్చాను.

అర్చకులు ఒప్పుకున్నారు. సంప్రోక్షణ మాట ఎత్తితే కాసేపు నేల చూపులు చూసి, “చెయ్యను” అన్నారు. కమిటీలో 15 మందిలో తొమ్మిది మంది సరే అన్నారు. నలుగురు ఏమీ తేల్చలేదు. ఇద్దరు లేచి వెళ్ళిపోయారు, అందులో మా పెదనాన్న ఒకరు. మా ఇంటికి రావడం మానేశారు. పొద్దున్న పొలం గట్టు మీద ఎదురుపడితే మొహం తిప్పుకున్నారు. చిన్నప్పుడు నన్ను రథం ఎక్కించింది ఆయనే. పెద్దమామిడి గారూ, మీరన్న భయం ఎలా ఉంటుందో నాకు ఇప్పుడు తెలుస్తోంది. అయినా వెనక్కి రాను.

---

నీలిజెండా

కల్వర్టు అర్జీ కాపీ దాచుకో అన్నా. పంచాయతీ కదలకపోతే కలెక్టరేట్‌లో సోమవారం అర్జీల రోజున ఇవ్వాలి. నేను వస్తాను మీ ఊరు. రథం కోసం రాను, ఆ కాలవ చూడ్డానికి వస్తా. ఆ అమ్మాయి వాళ్ళ నాన్న ఏమంటున్నాడు?

---

చెరువుకట్ట

తప్పకుండా రా తమ్ముడూ, మా ఇంట్లోనే భోజనం.

వాళ్ళ నాన్న ఒకటే మాట అన్నాడు. “ముప్పయ్యేళ్ళు రథం ముందు నడిచా. దాని మోకు ఎలా ఉంటదో నాకు తెలవదు. ఈ ఏడు డప్పు కొట్టను, మోకు పడతా.” కమిటీలో వెంటనే, మరి డప్పు ఎవరు కొడతారన్నారు. నేను కొడతానన్నాను.

వారం రోజులుగా సాయంత్రం పూట వాళ్ళ వాకిట్లో నేర్పుతున్నాడు. ముందు ఎండుగడ్డి మంట మీద డప్పు కాచాలి. చర్మం బిగిసిందో లేదో వేలితో మీటి చూడాలి. కుడిచేతిలో చిర్ర, ఎడమచేతిలో చిటికెన పుల్ల. నాకు ఇంకా ఎడమచెయ్యి తిరగడం లేదు, పుల్ల పట్టు జారిపోతోంది. నిన్న బొటనవేలి దగ్గర బొబ్బ లేచింది. ఆయన నా చెయ్యి తన చేతిలోకి తీసుకుని చూసి, కొబ్బరినూనె రాసి, మళ్ళీ మొదట్నుంచి కొట్టమన్నాడు.